నర్సింగ్ ఒప్పేసుకున్నాడు

ఆదివారం రాత్రి, సీతాఫల్‌మండి

అమెరికా అప్పుల పరిమితి గొడవ మళ్ళీ పేపర్లో పడింది. చట్టసభ గీసిన గీత దాటి ప్రెసిడెంటు సొంతంగా అప్పు తేవచ్చా? నర్సింగూ నేనూ కాలేజీలో సివిక్స్ చెప్పిన రోజుల నుంచీ నేను కూడదంటాను, వాడు తేవచ్చంటాడు.

సాయంత్రం మోండా మార్కెట్ దగ్గర చాయ్ తాగుతూ మొదలుపెట్టాను. "ఖజానా తాళం చట్టసభది. ప్రెసిడెంటే తీసుకుంటే ఇక రాజ్యాంగం దేనికిరా?"

"అప్పు ఎగ్గొట్టొద్దని గా రాజ్యాంగమే చెప్తుంది గదా!" అని ఎప్పుడూ బల్ల గుద్దేవాడు. ఇవాళ తల దించుకుని, "నువ్వన్నదే కరెక్ట్ తియ్" అన్నాడు.

"ఏమైందిరా?"

"నా భార్య పోయినంక ఎవ్వరితోని కొట్లాడబుద్ధి అయితలేదు."

చాయ్ డబ్బులిచ్చి ఇంటికొచ్చేశాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. వాడితో పోట్లాటే నాకున్న కబుర్లు.

రేపు వాడింటికి వెళ్ళి ప్రెసిడెంటు పక్షం నేనే తీసుకుంటాను. నన్ను తిట్టడానికైనా నోరు విప్పుతాడేమో...