మా అక్కను విడిగా అడగండి

ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు, గ్రిల్లులు, షట్టర్లు చేసే షాపులో పనిచేసే వెల్డరు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా బావగారి రైఫిల్ లైసెన్సు రెన్యువల్ నిమిత్తం మా అక్కగారి అంగీకారం తీసుకొనునప్పుడు, ఆమెను ఇంట్లో గాక, బావగారు లేని చోట అడగవలెనని కోరుట గురించి.

1. మా బావగారు గోదాములో సూపర్‌వైజరు. ఆయన రైఫిల్ కొన్నది పూర్తిగా చట్టప్రకారమే. ఇది నేనే ముందు ఒప్పుకుంటున్నాను, మళ్ళీ మీ గుమాస్తా నాకు నేర్పనక్కర్లేదు. షూటింగ్ క్లబ్బు సభ్యత్వం ఉంది, డాక్టరు కాగితం ఉంది, పోలీసు విచారణ అయింది.

2. ఇంట్లో తుపాకీ ఉంచుకోవాలంటే తనకు అభ్యంతరం లేదని భార్య చెప్పాలని మీ నిబంధన. మంచి నిబంధన. ఎవరో బుర్ర ఉన్నవాడే రాసుంటాడు. మొదటిసారి లైసెన్సు ఇచ్చినప్పుడు అమలు చేసిన తీరు మాత్రం ఇది. ఇన్‌స్పెక్టరు గారు సోఫాలో కూర్చున్నారు. అక్క నిలబడింది. బావ ఆమె వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమ్మా, నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, కాగితంలోంచి తలెత్తకుండానే.

"అడగండి సార్, మా ఇంట్లో రాజ్యమంతా ఆవిడదే" అని బావ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు గారూ నవ్వారు. అక్క "లేదండీ" అంది. ఆ చెయ్యి కింద నిలబడి ఇంకేమంటుంది?

నేను అక్కడే ఉన్నాను. తుపాకీ పెట్టే ఇనప బీరువా చేసింది నేనే, పడగ్గదిలో గోడకు బోల్టులు బిగించిందీ నేనే. "మంచానికి ఎదురుగా పెట్టరా బామ్మర్దీ, కళ్ళు తెరవగానే కనబడాలి" అన్నాడు బావ. ఎవరి కళ్ళకో నేను అడగలేదు. ఇన్‌స్పెక్టరు గారు దాన్ని ఊపి చూసి, గట్టి పని అని మెచ్చుకున్నారు.

3. అంతకుముందు బావ అక్కను కొట్టేవాడు. వీధి వీధంతా వినబడేది. పక్కింటావిడ వచ్చి తలుపు బాదేది, నేను పరిగెత్తుకెళ్ళేవాణ్ణి, బావా నేనూ కాలర్లు పట్టుకునేవాళ్ళం. రైఫిల్ వచ్చాక ఆ ఇంట్లో చప్పుడు లేదు. చెయ్యి ఎత్తడు, గొంతు ఎత్తడు. కూర నచ్చకపోయినా, అక్క నాతో ఫోన్లో కాస్త ఎక్కువ మాట్లాడినా, లేచి వెళ్ళి బీరువా తెరుస్తాడు. భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, రైఫిల్ విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగిస్తాడు. అయ్యేదాకా అక్క ఎదురు కుర్చీలో కూర్చోవాలి. అంతే. "మీ బావ ఎంత మారిపోయాడయ్యా!" అని పక్కింటావిడ సంతోషపడుతోంది.

4. ఈ సంగతి మీ ఆఫీసులో చెప్పాను.

"గురిపెట్టాడా?" అన్నాడు గుమాస్తా.

"లేదు."

"చంపుతానన్నాడా?"

"లేదు."

"మరేం చేశాడయ్యా?"

"తుడుస్తాడండీ."

పక్క టేబులాయన కిసుక్కున నవ్వాడు. "తుడవకపోతే కదయ్యా తప్పు! ఆయుధం శుభ్రంగా ఉంచుకోవాలని నిబంధనే ఉంది" అన్నాడు గుమాస్తా.

నాకు పెద్ద చదువు లేదు. మీ నిబంధనల పుస్తకం కూడబలుక్కుంటూ చదివాను. తుపాకీ పేలితే ఏం చెయ్యాలో అందులో ఉంది. పేలకుండానే పని చేస్తుంటే ఏం చెయ్యాలో లేదు.

5. మా గదికి వచ్చెయ్యమని అక్కతో అన్నాను. "వస్తా సరే, నీ గది తలుపు ఎంత మందంరా తమ్ముడూ?" అంది. తలుపులు చేసి బతికేవాణ్ణి అడిగింది ఆ మాట. ఇప్పుడు షాపులో ఏ రేకు చేతికి తీసుకున్నా ఆ మాటే వినబడుతోంది. వేలితో రేకు మందం చూసుకుంటూ నిలబడిపోతున్నాను. ఓనరు తిడుతున్నాడు.

కావున కోరేదేమనగా: మా అక్క ఆస్పత్రి బట్టలు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. మిషన్లు తిరుగుతుంటే అక్కడ ఇద్దరి మాట మూడోవాళ్ళ చెవిన పడదు. ఒక ఆడ ఆఫీసరును అక్కడికి పంపండి. అడిగించండి. అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగమనండి. అప్పుడు కూడా అభ్యంతరం లేదంటే సంతకం పెట్టేయండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కను.

తమరు చిత్తగించి, ఈసారి తలెత్తి చూడవలెను.

తమ విధేయుడు
(అలా రాయకపోతే తీసుకోరట)
లైసెన్సుదారు బావమరిది

తా.క. కౌంటరు దగ్గర నిలబడి రాస్తున్నాను. ముద్ర కొట్టాక గుమాస్తా చెప్పాడు, ఎవరి మీద అర్జీ పెడితే వాళ్ళకు ఒక నకలు పంపి జవాబు అడగాలట. వెనక్కి ఇచ్చెయ్యమన్నాను. నంబరు పడ్డాక ఇవ్వకూడదట. కావాలంటే అడుగున నాలుగు ముక్కలు రాసుకోమని కాగితం ఇటు జరిపాడు. నకలు నా కళ్ళముందే టపా సంచిలో వేశాడు. రేపో ఎల్లుండో చేరుతుంది. బెల్లు కొడితే తలుపు తీసేది అక్క. కవరు తీసుకుని ఆయన చేతిలో పెట్టేదీ అక్కే. దాచమని చెప్తాను. దాచదు. దాచినట్టు తెలిస్తే ఏమవుతుందో ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

సార్, ఆ కవరు కంటే ముందు మీరు వెళ్ళండి.