మా ఇటుకలు చెత్త కాదని మనవి

పారిశుద్ధ్య విభాగపు అధికారి గారికి,
వార్డు కార్యాలయం.

అర్జీదారు: తరుణ్, కార్యదర్శి, అడ్డా కూలీల సేవా కేంద్ర నిర్మాణ సంఘం (లాభాపేక్ష లేనిది, రిజిస్టరైనది), అశోక్ నగర్. పగటిపూట జిరాక్స్ సెంటర్‌లో దొరుకుతాను.

అయ్యా,

విషయం: చిక్కడపల్లిలో కట్టదలచిన సేవా కేంద్రం కోసం మా సంఘం ఇంటింటా సేకరించిన 836 ఇటుకలను గత శనివారం నిర్మాణ వ్యర్థాల కింద లారీలో తీసుకుపోయినందున, వాటిని గురువారం పిండి చేయకుండా ఆపి తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమై ఈ దిగువ సంగతులను సవినయంగా మనవి చేసుకుంటున్నాను. వినయం ఎక్కడైనా తగ్గితే అది తొందర వల్లనే అని గ్రహించగలరు. ఈరోజు సోమవారం. మధ్యలో రెండే రోజులున్నాయి.

1. చిక్కడపల్లి అడ్డా మీద రోజూ పొద్దున ఆరింటికి నూటయాభై మంది దాకా కూలి కోసం నిలబడతారు. ఎక్కువమంది మహబూబ్‌నగర్ వైపు ఊళ్ల నుంచి వచ్చి, రాంనగర్ బస్తీల్లో కిరాయికి ఉంటున్నవారు. మేస్త్రీలు వచ్చి పిలిచేసరికి తొమ్మిదవుతుంది, పదవుతుంది, ఒక్కోరోజు ఎవరూ పిలవరు. అక్కడ నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు ఏదో గోడ చూసుకుంటారు. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానుకుంటారు.

వారిలో మాసమ్మ అనే ఆమె ఇరవై రెండేళ్లుగా ఇటుకలు, సిమెంటు తట్టలు మోస్తున్నది. పోయిన ఎండాకాలం కిడ్నీలో రాళ్లతో ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టరు చీటీ రాశాడు. ఆమె చీటీ తీసుకొని, "తాగుమంటున్నవ్ మంచిదే సారు, పోవుడు ఏడికో గది గూడ జర రాసియ్యి" అన్నదట. ఆ చీటీ జిరాక్స్ కోసం నా దగ్గరికి వచ్చింది. మా సంఘం ఆ రోజు పుట్టింది.

2. మేము అడుగుతున్న కేంద్రం పెద్దదేమీ కాదు. రెండు మరుగుదొడ్లు, ఒక నల్లా, నలభై మంది కూర్చునేంత నీడ, లేబర్ కార్డు కాగితాలు నింపిపెట్టడానికి ఒక బల్ల. నేను పెద్ద చదువులు చదవలేదు. మిషను మీదికి వచ్చే ప్రతి కరపత్రం చదువుతాను, బాగ్ లింగంపల్లిలో మీటింగులు జరిగితే కుర్చీల మీద వదిలేసినవి కూడా ఏరుకొచ్చి చదువుతాను. వాటిలో ఇంతకన్నా పెద్ద సంగతులు చాలా ఉన్నాయి. మరుగుదొడ్డి మాత్రం ఒక్కదానిలోనూ లేదు.

3. స్థలం దొరికింది. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన గోవర్ధన్ గారు తమ ఇంటిని ఆనుకొని ఉన్న అరవై గజాలు కేంద్రానికి ఇస్తామన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను.

"చూడు బేటా, మాటలు అందరు చెప్తరు. దసరా దాకా ఆగుత. పునాది భూమి మీదికి కనబడాలె. లేదంటే హాస్టలోళ్లు అడ్వాన్స్ పట్టుకొని నా గేటు చుట్టు తిరుగుతున్నరు."

ఆయన భార్య ప్రభావతి గారు చాయ్ ఇస్తూ, "ఏ దసరానో గూడ చెప్పుండ్రి, వీళ్లు తెలివిగల్ల పిల్లలు" అన్నారు.

దాతలదీ ఇదే మాట. కాచిగూడలో ఇనుము, సిమెంటు అమ్మే వ్యాపారుల దగ్గరికి విరాళం కోసం తిరిగితే, "పునాది చూపెట్టుండ్రి, అప్పుడు మాట్లాడుదాం" అన్నారు. అంటే పునాది లేస్తే స్థలం ఉంటుంది, ఇనుము వస్తుంది. లేవకపోతే ఇప్పటికే ఉన్న హాస్టళ్లకు ఇంకొకటి తోడవుతుంది. దసరాకు పందొమ్మిది రోజులున్నాయి.

4. ఇక ఇటుకలు. మొదట డబ్బే అడిగాము. డబ్బు అడిగితే తలుపు సగం తెరుచుకుంటుంది. ఇటుక అడిగితే, ఇటుక దేనికి అని అడగడానికి పూర్తిగా తెరుచుకుంటుంది. కనుక ఇంటికొక ఇటుక, డబ్బు వద్దు అని తీర్మానం చేశాము. తీర్మానం నాది. కరపత్రం కూడా నేనే రాసి నేనే జిరాక్స్ తీశాను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ మూడూ తిరిగాము. మా సంఘం అధ్యక్షురాలు నవత గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూనే, సాయంత్రాలు కూర్చొని ప్రతి ఇటుక మీద ఇచ్చినవారి పేరు తెల్ల పెయింటుతో రాసింది.

హాస్టల్ గదిలోని నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక ఇటుక ఇచ్చారు. "రూముకు నలుగురం అన్నా, ఇటుకకు గూడ నలుగురమే" అన్నారు. దాని మీద నాలుగు పేర్లు చాలా చిన్నగా ఉంటాయి, వెతికితే కనబడతాయి. ఇడ్లీ బండి రేణుక అక్క చక్రానికి అడ్డం పెట్టుకునే ఇటుకనే తీసిచ్చింది. ఆనాటి నుంచి కాలు అడ్డం పెట్టుకొని ఇడ్లీలు పెడుతోంది. మొత్తం 837 వచ్చాయి. మాసమ్మ తన ఇటుకను మాత్రం కుప్పలో వేయలేదు. "పునాది తీసిన నాడు ఇస్త. అందాక అడ్డా మీద కూసుండనీకె అయితది" అన్నది. అందుకే లారీలో పోయినవి 836.

మేస్త్రీ కురుమయ్య వచ్చి అన్నీ చూసి తల పట్టుకున్నాడు. పాతింటివి పలచగా వెడల్పుగా ఉన్నాయి, కొత్తవి పొట్టిగా ఉన్నాయి, సిమెంటువి కొన్ని. "దేనికి దేనికి పొత్తు లేదు తమ్మీ, గోడకైతే రావు" అన్నాడు. నా ముఖం చూసి మళ్లీ, "పునాదికి వేద్దాం తియ్. భూమిల సైజు ఎవడు చూడొచ్చిండు" అన్నాడు. స్థలంలో మట్టి తవ్వాలి కాబట్టి, ఇటుకలను గోవర్ధన్ గారి ప్రహరీ బయట, రోడ్డు అంచున, వందేసి వరుసలుగా పేర్చాము. పేర్లన్నీ రోడ్డు వైపు ఉండాలని నేనే పట్టుబట్టాను.

5. శనివారం పదకొండు గంటలకు తమ లారీ, ఆరుగురు మనుషులు వచ్చారు. నేను దుకాణంలో ఉన్నాను. ప్రభావతి గారు గేటు దగ్గరికి వచ్చి, "వాటి మీద పేర్లున్నయి నాయనా" అని చెప్పారు. వారిలో దాసయ్య అనే ఆయన, "పేర్లు సమాధుల మీద గూడ ఉంటయమ్మా" అని పని కానిచ్చాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఎర్రటి దుమ్ము మిగిలింది.

అక్కడికి పది అడుగుల దూరంలో, హాస్టల్ కడుతున్నవారు పోసిన కూల్చివేత కుప్ప నడుమెత్తున ఉంది. పగిలిన వాష్‌బేసిన్‌తో సహా నాలుగు నెలలుగా ఉంది. అది ఎత్తలేదు. దాసయ్యను వెతికి పట్టుకొని ఎందుకని అడిగాను. "మీయి వరుసగ పేర్చి ఉండె, ఎత్తుడు అల్కగైంది. గా కుప్పకు పారలు గావాలె, పారలు తేలే" అన్నాడు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం లేదు.

6. అదే రోజు మధ్యాహ్నం తమ కార్యాలయానికి వచ్చాను. తమరు మీటింగులో ఉన్నారు. గుమాస్తా కరుణాకర్ గారు చెప్పినదేమంటే, సరుకు ఊరవతల యార్డుకు చేరింది, గురువారం మిషనులో వేసి ఇసుక చేస్తారు, వెనక్కి కావాలంటే కొన్న బిల్లు చూపాలి.

బిల్లు లేదన్నాను. దానంగా వచ్చాయన్నాను.

"బిల్లు లేకుంటే సరుకెట్లయితది తమ్మీ? రోడ్డు మీద బిల్లు లేకుండ ఉండేది చెత్తనే" అన్నారు.

అప్పుడు నేను బల్ల గుద్దిన మాట వాస్తవం. గ్లాసు దొర్లి నీళ్లు ఫైళ్ల మీద పడ్డాయి. శ్రమజీవి చెమటకు బిల్లు అడిగే వ్యవస్థ అని కూడా ఏదో అన్నాను. బల్ల విషయంలో క్షమాపణ కోరుతున్నాను. తడిసిన కాగితాలు ఎవరివో నాకు తెలియదు, అంతా అయ్యాక ఆరబెట్టడానికి సాయం చేశాను.

7. ఈ అంశం నా మొదటి చిత్తులో లేదు.

నా అరుపులు అయిపోయాక కరుణాకర్ గారు గొంతు పెంచకుండా ఒక ఫైలు తీసి నా ముందు పెట్టారు. శనివారం లారీ ఏ అర్జీ మీద బయలుదేరిందో అది అందులో ఉంది. మూడు వారాల కిందటిది. ఇలా ఉంది: "గ్రంథాలయం సందు మొదలు కూడలి వరకు రోడ్డు పక్కనున్న ఇటుక, రాయి, కంకర ఏదైనా సరే, ఎవరిదైనా సరే, ఎంతటివాడిదైనా సరే, ముఖం చూడకుండా ఎత్తించవలెను. లేనియెడల ప్రజలే ఎత్తుతారు."

కింద సంతకం నాది. హాస్టల్ వాళ్ల కుప్ప మీద కోపంతో రాసినది. అడ్డా మనుషులు నిలబడే చోటును ఆ కుప్ప మింగేసిందని ఆరుసార్లు రాశాను, ఎవరూ రాలేదు. ఏడోది రాసేటప్పుడు ఒళ్లు మండి, హాస్టల్ పేరు రాయడం మరిచిపోయి, న్యాయం అందరికీ ఒకటే అని రాశాను. ఆ తర్వాత మా ఇటుకలను అదే రోడ్డు మీద నేనే పేర్పించాను.

కరుణాకర్ గారు, "నువ్వు రాసిన అర్జీలల్ల పని జరిగింది గిదొక్కటే. దీనికి గూడ లొల్లి పెడితివి" అన్నారు.  

ఈ సంగతి రాయకుండా నిన్న పొద్దున అర్జీ తయారు చేసి, వేలిముద్రల కోసం అడ్డా మీద చదివి వినిపించాను. అందరూ తలూపారు. మాసమ్మ తన ఇటుక మీద కూర్చొని వింటూ, "లారీ ఎందుకొచ్చిందో రాయలేదేంది?" అని అడిగింది.

"అది రాస్తే మన బలం తగ్గుతది అక్కా" అన్నాను.

"నీ బలం తగ్గుతది. మాదేం తగ్గుతది? పునాదిల బొక్క పెట్టి పైన గోడ లేపుమంటవా? రాసుకొనిరా పో, అప్పుడు పెడత వేలు" అన్నది.

కురుమయ్య నవ్వాడు. మిగతావాళ్లు కూడా నవ్వారు. నేను దుకాణానికి పోయి మళ్లీ రాశాను. ఈ కాగితం వెనుక నూట పన్నెండు వేలిముద్రలు, సంతకాలు ఉన్నాయి. మొదటి వేలు మాసమ్మది. అవన్నీ ఏడవ అంశం విన్న తర్వాత పడినవే.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా,

తప్పు నాది, ఇటుకలు నావి కావు. 836 ఇటుకలూ ఇచ్చినవారి పేర్ల జాబితా జతచేశాను. గురువారం మిషను పెట్టేలోపు వాటిని పక్కన పెట్టించమని యార్డుకు ఒక్క మాట చెప్పగలరు. లారీ ఇవ్వగలిగితే మేలు. ఇవ్వలేకపోతే అనుమతి కాగితం చాలు. బుధవారం కూలి మానుకొని కురుమయ్యతో ముప్పై మంది వస్తామన్నారు. ఇటుకలు ఏరడం, మోయడం వారికి తమరూ నేనూ నేర్పనక్కరలేదు. ముక్కలైనవి కూడా తెచ్చుకుంటాము, పునాదికి పనికొస్తాయని కురుమయ్య చెప్పాడు.

ఇకపోతే నా పాత అర్జీని రద్దు చేయవద్దని మనవి. ఎవరిదైనా సరే అన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడుతున్నాను. పది అడుగుల అవతల నడుమెత్తు కుప్ప అలాగే ఉంది. పారలు లేకపోతే మావి ఇస్తాము.

ఇన్నాళ్లూ తమకు రాసినవన్నీ కోపంతో రాశాను. ఇది భయంతో రాస్తున్నాను. ఈ తేడా చిత్తగించి, బుధవారం పొద్దెక్కకముందే ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
(ఈ మాట ఇంతకుముందు ఏడు అర్జీల్లో రాయలేదు)
తరుణ్

జతపరచినవి:
దాతల పేర్ల జాబితా, తొమ్మిది పేజీలు.
ఇటుకలు పేర్చి ఉండగా నవత తీసిన ఫోటో.
ఇటుక ఒకటి, మాసమ్మ పేరున్నది. నమూనా కోసం మాత్రమే. చూసిన తర్వాత తిరిగి ఇవ్వవలెను.

తా.క. ఈ నాలుగు మాటలు తమ కార్యాలయంలో, కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను. జాబితా, ఫోటో తీసుకున్నారు. ఇటుక తీసుకోలేదు. ముద్ర ఎక్కడ వేయాలో రూలు లేదన్నారు. దాంతో మాసమ్మ ఇటుకను మీ వరండాలో వేసుకొని దాని మీద కూర్చుంది. సారు చూసేదాక లేవనన్నది. ఈరోజు కూలికి పోలేదు. ఇప్పుడు పన్నెండు దాటింది.

మీ అటెండరు మంచివాడు, నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ఆమె మూత తీయలేదు, ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. వరండా చివర బాత్రూం ఉంది. తాళం వేసి ఉంది. చెవి తమ గదిలో ఉంటుందట, తమరు మీటింగులో ఉన్నారట.

ఇటుకల మీద ఆర్డరుకు బుధవారం దాకా గడువుంది. ఆ తాళంచెవి మాత్రం ఇప్పుడే పంపండి సార్.