తూలిన మాట నిజం, తాగిన మాట అబద్ధం

శ్రీయుత కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు,
తాగునీటి శుద్ధి కేంద్రం, వరంగల్.

అర్జీదారు: జన్ను జోయెల్, తండ్రి కీ.శే. సుందర్ రావు, వయస్సు 39, ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్, రాత్రి షిఫ్టు. నివాసం: మట్టెవాడ.

విషయం: డ్యూటీలో తాగి తూలినానని నాకిచ్చిన మెమోను రద్దు చేయుట గురించి, రద్దు చేసినప్పటికీ నన్ను తిరిగి క్లోరిన్ గదికి పంపకుండుట గురించి, నాకును, అదే జబ్బు ఉన్నట్టు తేలిన నా కుమార్తె దివ్యకును వైద్యమునకు ఆధారమైన ఇ.ఎస్.ఐ. కార్డు తెగకుండుట గురించి.

అయ్యా,

పై చిరునామాగల నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా, మా గల్లీలో పింఛన్లకు, కరెంటు మీటర్లకు, కుక్కల బెడదకు అర్జీలు రాసిపెట్టేది నేనే. పరుల కొరకు రాసినప్పుడు కలము పరుగెత్తును. నా కొరకు రాసుకొనుట ఇదే మొదలు. కావున భాష అక్కడక్కడ తప్పినచో మన్నించగలరు. కాళ్ళు తప్పిన సంగతి తమకు ఎట్లాగూ తెలిసినదే.

1. సదరు మెమోలో నాపై నాలుగు నేరములు మోపబడినవి. తూలితినట. వాల్వు చక్రమునకు తగిలి పడితినట. షిఫ్టు సూపర్‌వైజర్ వీరభద్రం గారు పిలిచినా పలుకకపోతినట. నా నుండి వాసన వచ్చెనట. మొదటి మూడును ఒప్పుకొనుచున్నాను. చీకట్లో నాకు ఆ చక్రము కనబడలేదు. పదకొండేళ్ళుగా అది అక్కడే ఉన్నదని వీరభద్రం గారు వాదించినారు. నిజమే, చక్రమును ఎవరూ కదిలించలేదు, నా చూపే పోయినది. పిలుపు వినబడకపోవుటకు మోటార్ల చప్పుడు కొంత, నా చెవి కొంత కారణము.

ఇక వాసన. ఈ విషయమున సాక్ష్యము చెప్పుటకు వరంగల్‌లో అర్హత లేని మనిషి ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. నాకు మల్లెపూవూ ఒకటే, మురుగు మోరీ ఒకటే. ఆ రాత్రి మా అమ్మ నా కాళ్ళకు పరకాల నుండి తెప్పించిన నూనె పట్టించి పంపినది. అందులో ఏమి కలుపుదురో అమ్మేవానికి, దేవునికి తప్ప ఎవరికీ తెలియదు. వీరభద్రం గారు దానిని సారా అని గుర్తుపట్టినారు. ఈ రంగమున వారి అనుభవమును శంకించుట నాకు తగదు.

"ఏం జోయెల్, ఇయ్యాల డోసు ఎక్కువైందా?" అన్నారు.

"సార్, నేను తాగ."

"తాగనోడు గిట్ల నడుస్తడా? నాకు చెప్తానవా?"

విచారణ అనగా ఇంతే జరిగినది. ఊదించలేదు, రక్తము తీయలేదు. తెల్లారేసరికి మెమో తయారు.

2. ఇంతకన్న ఘోరము ఇంటివద్ద జరిగినది. మా అమ్మ సుశీలమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె బతుకంతా తాగుబోతు మొగుళ్ళ ఇండ్లకు పోయి ప్రార్థనలు చేసిన మనిషి. నా మాట నమ్ముతుందని అనుకున్నాను. ఆమె మెమోను రెండుసార్లు చదివి, కింద ఉన్న ముద్రను వేలితో తడిమి, ఏడ్చింది.

"అమ్మా, ఒట్టు, నేను ముట్టలేదే!"

"ఆఫీసోళ్ళు ముద్రేసి రాసిచ్చిండ్రు కదరా! కాయితం అబద్ధమాడుతదా?"

కన్నకొడుకు మాట కన్న రబ్బరు ముద్రకు విలువ ఎక్కువైనందుకు ఒక ఉద్యోగిగా గర్వపడవలెనో, కొడుకుగా ఏడవవలెనో నాకు అర్థము కాలేదు. నేను తాగని మందును నాతో మాన్పించుటకు ఆమె నలభై దినముల ఉపవాస ప్రార్థన పెట్టినది. పగలంతా పచ్చి మంచినీళ్ళు. పొద్దుగూకినాక ఉపవాసం విడిచి, పాపం నీరసపడ్డాడని, చిక్కటి బర్రెపాలు పెద్ద గ్లాసు, నెయ్యి వేసిన అన్నం. తల్లి ప్రేమ అయ్యా, ఎవరినీ తప్పుపట్టలేము.

ఉపవాసం ముదిరినకొద్దీ నా కాళ్ళు చచ్చుబడినవి. ఒకరోజు చర్చికి రెండు చెప్పులతో బయలుదేరి ఒక చెప్పుతో చేరుకున్నాను. రెండోది ఏ గల్లీలో జారిపోయిందో నా కాలికి తెలియలేదు. ఒంటి మీద తోలు చేప పొలుసుల్లాగ రాలసాగింది. చర్చివాళ్ళు నా చుట్టూ మోకరించి చూసి, "తాగుడు దయ్యం ఊకె పోతదా? పోయే ముందు గట్టిగనే తంతది," అని తీర్మానించి, ప్రార్థన గొంతు పెంచినారు. ఆ ఊపులో లేచి నిలబడబోయి నేను ముందు బెంచీ మీద బోర్లా పడ్డాను. అట్లా దవాఖానకు చేరుకున్నాను.

3. దవాఖానలో నరాల డాక్టరమ్మ ఉన్నారు. చిన్న వయసు, పెద్ద కోపం. షుగర్ చూసినారు, లేదు. బి-12 చూసినారు, సరిపోను ఉంది. థైరాయిడు తిన్నగా ఉంది. "మందు ఎంత తాగుతవ్?" అని ఆమె కూడా అడిగేసరికి, వీరభద్రం గారి మెమో నాకన్నా ముందు అక్కడికి చేరిందేమోనని హడలిపోయాను. మోగే ఇనుప కడ్డీ నా బొటనవేలికి ఆనించి "తెలుస్తాందా?" అన్నారు. తెలియలేదు. కండ్లు మూసుకోమని ముక్కు దగ్గర కాఫీ పొడి పెట్టి "ఏంది ఇది?" అన్నారు.

"మీ చెయ్యి మేడం," అన్నాను.

ఆమె నవ్వలేదు. రాత్రిపూట చూపు ఎట్లుంటుందని అడిగినారు. చేతి మీది పొలుసులు గీరి చూసినారు. ఆ తర్వాత నా రక్తము ఎక్కడెక్కడికో పోయి, చాలా రోజులకు నా జబ్బు పేరు మోసుకొని తిరిగి వచ్చినది. దాని పేరు రెఫ్సమ్ వ్యాధి. కాళ్ళు చేతుల నరాల మీద, కరెంటు తీగకు రబ్బరు ఉన్నట్టు ఒక పూత ఉంటుందట. నాకు ఆ పూత పాడైపోతున్నది. కారణము కల్లు కాదు, సారా కాదు. కొవ్వు. అది కూడా అన్ని కొవ్వులూ కాదు. నెమరువేసే జంతువుల పాలలో, మాంసములో ఉండే ఒక రకము కొవ్వును అందరి ఒళ్ళూ అరిగించుకుంటుంది, నా ఒళ్ళు దాచిపెట్టుకుంటుంది, దానితోనే ముక్కు, చెవి, రాత్రి చూపు, తోలు కూడా చెడినవట. నా జీతములో ఒక్క రూపాయి దాచుకోలేనివాడిని, దీన్ని మాత్రం ముప్పై తొమ్మిదేండ్లుగా కూడబెట్టినాను.

"ఆకుకూరలు తినొచ్చా మేడం?"

"శుభ్రంగ తిను. ఆకుల ఉన్నదాన్ని మన కడుపు బయటికి తియ్యలేదు, మేక కడుపు తీస్తది. గోంగూర తినొచ్చు. గోంగూర తిన్న మేకను తినొద్దు."

కోడి తినవచ్చు. పప్పు, అన్నము, కూరగాయలు నిక్షేపంగా తినవచ్చు. మటన్, పెద్దకూర, నెయ్యి, వెన్న, పాలు, పెరుగు బంద్. అన్నిటికన్నా ముఖ్యము, ఉపవాసము అసలే కూడదు. కడుపు మాడితే ఒంట్లో దాగిన కొవ్వు కరిగి, ఆ విషమంతా ఒక్కపెట్టున రక్తములోకి దిగుతుందట.

"నలభై దినాలు ఉపవాసమా? ఎవరు ఉండమన్నరయ్యా నిన్ను?" అని డాక్టరమ్మ కేకలేసినారు. నేను మా అమ్మ దిక్కు చూశాను. మా అమ్మ పంకా దిక్కు చూసింది.

4. ఈ జబ్బు తల్లి నుండి ఒక చెడ్డ జీను, తండ్రి నుండి ఒక చెడ్డ జీను కలిస్తేనే వస్తుందని చెప్పగా, మా అమ్మ పైట సవరించుకొని అందుకున్నది.

"మా దిక్కు ఎవ్వలకు లేదు మేడం. వాళ్ళ దిక్కు నుంచే వచ్చింటది."

"మీ ఆయన మీకేమైతడమ్మా?"

"మా మేనబావ."

"అయితే మీ దిక్కు, వాళ్ళ దిక్కు ఒక్కటే దిక్కు కదా!"

ఆ వేడిలోనే నేను, "మేడం, నేను చేసుకున్నది కూడా మా మేనమామ బిడ్డనే," అన్నాను. డాక్టరమ్మ కలము కింద పెట్టినారు. "పిల్లలున్నరా?" అని అడిగినారు. ఒక్కతే బిడ్డ అని చెప్పాను. ఆ గదిలో అప్పటిదాకా జరిగినదంతా నాకు తమాషాగానే ఉండెను. ఆ తర్వాత లేదు. దివ్య రక్తము కూడా పంపినాము. దానికీ ఉంది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపని మా ఆవిడ మొత్తుకుంటుంటే, ఆ పక్కనే కూర్చొని అది చదువుకుంటూ ఉంటే, ఎంత శ్రద్ధ నా బిడ్డకు అని మురిసిపోయిన తండ్రిని నేను. నా ముఖానికి మెమో ఇయ్యవలసింది అప్పుడు.

అయితే డాక్టరమ్మ ఒక మాట చెప్పినారు. పోయిన కంటిచూపు తిరిగి రాదు. దివ్యకు ఇంకా పోలేదు. ఇప్పటి నుండే తిండి కట్టుదిట్టం చేసి, రక్తము పరీక్షలు తప్పకుండా చేయించి, అవసరమైనప్పుడు రక్తములోని ప్లాస్మా అనే నీరు తీసి మార్పిస్తే, పిల్ల కాళ్ళూ కండ్లూ చాలావరకు కాపాడుకోవచ్చునని.

5. మందు బిళ్ళ లేని జబ్బు కాబట్టి తిండే మందు. తమరు మా చుట్టాలను ఎరుగరు. దావత్‌లో మటన్ వద్దన్న మనిషిని వాళ్ళు తాగుబోతు కన్నా అనుమానంగా చూస్తారు. పైగా డాక్టరమ్మ చీటీలో పందిమాంసము పరవాలేదని రాసి ఉంది. మా అమ్మ ఆ చీటీని ఇంటికి తెచ్చి మూడు రోజులు ప్రార్థనలో పెట్టింది.

"నెమరేసేది తినుమన్నడు దేవుడు, పంది వద్దన్నడు. ఈమేమో పంది పర్వాలేదంటది, నెమరేసేది వద్దంటది! ఎవ్వల దిక్కురా ఈ డాక్టరు పిల్ల?"

చివరకు పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేసుకొని ఏదైనా తినవచ్చునని తీర్పు చెప్పినారు. ఇప్పుడు మా అమ్మ కిటికీలు మూసి, పైట ముక్కుకు అడ్డం పెట్టుకొని, నాకూ మనవరాలికీ తానే వండిపెడుతున్నది. తాను మాత్రం ముట్టదు. మేము తినేవరకు అక్కడి నుండి లేవదు.

నాకు మూడుసార్లు ప్లాస్మా మార్చినారు. మొన్న ఒకనాడు మా గల్లీలో వట్టికాళ్ళతో పోతుంటే, అరికాలిలో ఏదో చురుక్కుమంది. కంకరరాయి. ఎన్నేండ్లకు! నేను నడిరోడ్డు మీద కూలబడి, "అమ్మా, గుచ్చుకున్నదే!" అని అరిచి ఏడ్చాను. పక్కింటి చిలుకమ్మ బయటికి వచ్చి, "పొద్దుగాల్లనే మొదలువెట్టిండు," అని లోపలికి పోయింది. పోనీయండి. అంత సంతోషము నా పెండ్లినాడు కూడా పడలేదు.

6. కావున, ఆ మెమోపై తమరు ఇప్పుడు పెట్టిన విచారణకు ముందుగా, నా కోరికలు ఈ క్రింది విధముగా ఉన్నవి. తాగినానన్న మాట కొట్టివేయవలెను. నేను తాగలేదు, ఇన్ని కష్టములు పడినాక, ఒకసారి తాగి ఉంటే బాగుండునని అనిపించినది గాని, తాగలేదు.

రెండవ కోరిక మా ఆవిడ మౌనికకు ఇష్టము లేదు. "నీ పొట్ట నువ్వే కొట్టుకుంటానవ్, గా ముచ్చట రాయకు," అన్నది. అయినను రాయుచున్నాను. నన్ను ఆ పని నుండి తీసివేయుటకు ఒక న్యాయమైన కారణము నిజముగానే ఉన్నది. అది మెమోలో లేదు. క్లోరిన్ సిలిండరు కారితే అందరికన్నా ముందు తెలియవలసినది ఆపరేటరు ముక్కుకు. ముక్కు లేనివాడిని, రాత్రి చూపు లేనివాడిని ఇన్నేండ్లు అక్కడ కూర్చోబెట్టినారు. నాకూ తెలియదు, ఎవరూ పరీక్షించలేదు. చుట్టూ కాపురాలున్నవి అయ్యా. దయచేసి నన్ను మళ్ళీ అక్కడికి పంపకండి. నీళ్ళు రాలేదని తిట్టే ఫోన్లు ఎత్తే పగటి పని ఇప్పించగలరు. తిట్లు వినుటకు ఒక చెవి చాలును.

మూడవది, ఉద్యోగము పోతే కార్డు పోవును. కార్డు పోతే దివ్య పరీక్షలు ఆగిపోవును. నాకు ఫికర్ అంతా అదొక్కటే. మిగతా రెండు కోరికలూ తోసిపుచ్చినా ఈ మూడవదానిని తోసిపుచ్చకుండ చిత్తగించవలెను.

ఇట్లు,
గోడ ఆసరాతో నిలబడి రాసిన
తమ విధేయుడు,
జన్ను జోయెల్

జతపరచినవి: డాక్టరమ్మ రిపోర్టుల నకళ్ళు, తినకూడని వాటి పట్టిక (విచారణనాడు నాకు చాయ్ ఇప్పించదలచినచో చూడగలరు, పాలు లేకుండా).

మరొక మనవి: సార్, విచారణ సాయంత్రం ఏడింటికి పెట్టిండ్రు. జర పొద్దుండంగ పెట్టుండ్రి. చీకటైతే నాకు మీ ఆఫీసు మెట్లు కనబడయి. మౌనిక పనికి పోతది, గందుకే దివ్య నా చెయ్యి పట్టుకొని తోల్కస్తది. పోయిన ఆదివారం చర్చి మెట్లు దిగుతాంటే అది తూలింది సార్. ఎనుక నుంచి ఎవడో "తండ్రి తాగి, మిగిలింది బిడ్డకు పోసిండు," అన్నడు. అందరు నవ్విండ్రు. అది ఇంటికొచ్చి తలుపేసుకున్నది, రెండు పూటలు అన్నం ముట్టలేదు. కడుపు మాడ్చుకుంటే ఆ పిల్లకు ఏమైతదో మీకు పైన రాసిన. నన్ను ఏమన్న అనుండ్రి, మెమో మీద మెమో ఇయ్యుండ్రి. మీ కాడ అది తూలితే మాత్రం వీరభద్రం సారుకు, అందరికి జర చెప్పుండ్రి, నవ్వద్దని. నవ్వితే అది మళ్ళ అన్నం తినది.