రాత్రి కింద పండుకున్నవా?

మంగళవారం, రాత్రి

డాక్టర్లకు అనుభవం ఏం నేర్పుతుందో రాసుకుందామని ఈరోజు బోధన్ వైపు ఒక చిన్న ఆస్పత్రిలో డాక్టర్ శ్రావణ్ పక్కన కూర్చున్నాను. కడుపునొప్పి అని ఎవరొచ్చినా అతను ఒకటే అడుగుతున్నాడు: "రాత్రి కింద పండుకున్నవా?" ఆ తర్వాత కనురెప్పలు చూస్తున్నాడు.

నా పరిశోధనకు మంచి ఉదాహరణ దొరికిందని సంబరపడ్డాను. ఎవరు నేర్పారని అడిగాను.

"చెరుకు కొట్టే ఒకామె, మేడం. కడుపునొప్పంటే గ్యాస్ సూది ఇచ్చి పంపిన. గుడిసెల నేలమీద పండుకుంటె నిద్రల కట్లపాము కరిసిందని తర్వాత తెలిసింది. కాటు కనవడలే, రెప్పలు వాలిపోతుంటె నిద్రమత్తనుకున్న. పొద్దుగూకక ముందే పానం పాయె."

రికార్డర్ ఆపేశాను. అప్పుడు అతనే అన్నాడు: "నేను నేర్చుకున్ననని మీరు రాస్తరు. ఆమె బిడ్డకు నేనేం చెప్పాలె?"

దారి పొడుగునా చెరుకు తోటలే. ఇంటికొచ్చి రాయబోతే 'అనుభవం' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆమె పేరు కూడా నేనడగలేదు.