అర్థం కాలేదన్నాను

మంగళవారం, పడుకునే ముందు

ఆటలు దింపి ఆడించే మా గేమ్ లాంచర్ మీద జనం పంపిన ఫిర్యాదులను ఈరోజు మీటింగ్‌లో చదివారు. కూర్మన్నపాలెం నుంచి ఒకాయన రాశాడు: "అప్‌డేటు సగంలో ఆగిపోతంది. మళ్ళీ మొదట్నించి దిగుతంది. ఇంక ఆటెప్పుడు ఆడాల? నాను ఏటి సెయ్యాల?"

ఆ 'ఏటి' దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "మీ వైపు భాషేగా, ఏమంటున్నాడు?" అని మేనేజర్ నన్నడిగాడు. నాకూ సరిగా అర్థం కాలేదన్నాను. ఆ ఫిర్యాదును పక్కన పడేశారు. ఆ లోపం నేను రాసిన కోడ్‌లోదే. ఇంకెవరూ అంత సూటిగా చెప్పలేదు.

ఇంటికి రాగానే అమ్మ నా మొహం చూసి, "ఏటే, అలాగున్నావ్?" అంది.

"ఏమీ లేదమ్మా" అన్నాను. అమ్మ దగ్గర కూడా 'ఏటీ లేదు' అనడానికి నోరు రాలేదు.