ఏ గుర్తూ లేని పిల్ల

చెల్లీ,

ఫోను చెయ్యొచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులో అయితే నేను నోరు తెరిచేలోపు నువ్వు పది మాటలు మాట్లాడతావు. నీ గొంతు వినగానే నేను "బాగానే ఉన్నామే" అనేస్తాను. అసలు సంగతి గొంతు దాటి బయటికి రాదు. కాగితానికైతే ఆ గొడవ లేదు. కాబట్టి కుదురుగా కూర్చుని చదువు.

ముందు పని సంగతి. మీ ఆఫీసు వాళ్ళు పేద పిల్లల గురించి ఇంటర్నెట్లో నడుపుతున్న సైటులో నువ్వు టీచర్ల కోసం రాసిన పేజీ ఉంది చూడు, ఇంట్లో ఇబ్బందులున్న పిల్లల్ని తరగతిలో గుర్తుపట్టడం ఎలా అని. దాన్ని తీసెయ్యి. ఎందుకో చెబుతాను. విన్నాక కూడా తియ్యాలనిపించకపోతే అప్పుడు పోట్లాడుకుందాం.

మీ బావ పనిచేసే ప్రింటింగు ప్రెస్సు మూతపడి చాలా కాలమైంది. నీకు చెప్పలేదు. చెబితే పరుగెత్తుకొస్తావు, వచ్చి నా వైపు అదోలా చూస్తావు. ఆ చూపు నేను తట్టుకోలేను. నా లాండ్రీ పని ఉంది కాబట్టి అద్దె, కరెంటు గడుస్తున్నాయి. మిగతావన్నీ ఎలాగోలా నెట్టుకొస్తున్నాం. మా పిచ్చుకకి కూడా తెలియనివ్వలేదు. చదువుకునే పిల్ల, దాని బుర్రలోకి ఇవన్నీ ఎందుకు? మీ బావ రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బ్యాగు తగిలించుకుని ప్రెస్సుకి వెళ్ళినట్టే వెళతారు. పని దొరికిన రోజు ఏ లారీ దగ్గరో సామాను దించుతారు. దొరకని రోజు ఎక్కడో కూర్చుని సాయంత్రానికి వస్తారు. నేను గుమ్మంలో నిలబడి "జాగ్రత్తండీ, మెషీన్ల దగ్గర" అంటాను. మా ఇద్దరికీ ఎవరైనా వేషాలిచ్చి ఉంటే నాటకాల్లో మంచి పేరు తెచ్చుకునేవాళ్ళం.

బళ్ళు తెరిచిన కొత్తలో పిచ్చుక వచ్చి, "అమ్మా, ఈ ఏడాది బళ్ళో అందరికీ మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు, నాకు డబ్బా కట్టక్కర్లేదు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల ఎక్కడో అనుమానం రాకపోలేదు. కానీ నమ్మడంలో సుఖం ఉంది, అందుకని నమ్మేశాను. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

లాండ్రీలో హోటలు దుప్పట్లు మడత పెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. నా ఎదురుగా రెండో కొస పట్టుకునే ఆవిడ కొడుకుది పిచ్చుక తరగతే. మొన్న దుప్పటి దులుపుతూ ఆవిడ, "మావాడి డబ్బాలోకి రోజూ ఏం పెట్టాలో తోచి చావడం లేదు" అంది. "బళ్ళో పెడుతున్నారుగా" అన్నాను. "అందరికీ ఎక్కడ పెడుతున్నారు? ఇంట్లో ఇబ్బందిగా ఉందని తల్లో తండ్రో టీచరుతో ఒక మాట చెబితే ఆ పిల్లలకి ఊరికే పెడతారు. మిగతావాళ్ళు తెచ్చుకోవలసిందే" అంది. నా చేతిలో కొస జారిపోయింది. దుప్పటి నేల మీద పడితే మళ్ళీ ఉతకాలి. ఆవిడ నా మొహం చూసి, తనే తీసుకెళ్ళి మెషీన్లో వేసింది.

ఇంటికొచ్చి దాని పుస్తకాల బ్యాగు తెరిచాను. అడుగున మన పాత స్టీలు డబ్బా, తళతళలాడుతూ, ఖాళీగా. లోపల చెంచా చప్పుడు కాకుండా గుడ్డ చుట్టి ఉంది. ఇంట్లో బళ్ళో తింటున్నానని చెప్పింది, బళ్ళో ఇంటి నుంచి తెచ్చుకున్నానని చెప్పింది, మధ్యలో కడుపు మాడ్చుకుంది. ఎందుకే అని అడిగితే, "ఖర్చులు పెరిగాయని నువ్వు పక్కింటి ఆంటీతో అన్నావుగా" అంది. మరి బళ్ళో ఎవరికీ అనుమానం రాలేదా అంటే, తల వంచుకుని, "ఎలా కనిపిస్తే అనుమానం వస్తుందో పిన్ని పేజీలో ఉందమ్మా" అంది.

ఆ పేజీ నువ్వు పంపినప్పుడు దానికి గొప్పగా చూపించింది నేనే. నేను పైన రెండు లైన్లు చదివి మురిసిపోయాను. అది పట్టికలోని ప్రతి గుర్తూ చదివింది. చదివి, ఒక్కోటీ తనలో ఉందేమో చూసుకుని, ఉన్నదాన్నల్లా కప్పేసుకుంది. రబ్బరు ఎవరికీ ఇవ్వని పిల్లల్ని గమనించమని రాశావు. ఇది తన రబ్బరు ముక్కలు కోసి పక్కవాళ్ళకి పంచింది. విహారయాత్ర మాట ఎత్తగానే రానని చెప్పే పిల్లల్ని గమనించమన్నావు. ఇది అందరికంటే ముందు చెయ్యెత్తి, తీరా వెళ్ళే రోజున కడుపునొప్పి అని పడుకుంది. అడక్కముందే ఆకలి లేదనే పిల్లల్ని చూడమన్నావు. ఇది డబ్బా చేత్తో పట్టుకుని, "ఇవాళ మా అమ్మ వంట అదిరింది" అని చెప్పుకుంటూ తిరిగింది. నా వంట గురించి ఇన్నాళ్ళకి ఎవరైనా మంచిమాట అన్నారంటే అది ఆ అబద్ధమే.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈసారి ఆ గుర్తులన్నీ నేనూ చదివాను. గొడుగు లేని పిల్ల నాకు వానలో తడవడం ఇష్టం అంటుందని రాశావు. అచ్చం మా ఇల్లే. నీకెవరు చెప్పారు? మీ బావ చెప్పారా? మా బతుకు తీసుకెళ్ళి లోకమంతా చూసే చోట పెట్టడానికి నీకు మనసెలా వచ్చింది?

ఇప్పుడు నేను లాండ్రీకి తీసుకెళ్ళే డబ్బా దానికి కట్టి పంపిస్తున్నాను. మీ బావ సంగతి మాత్రం దానికి తెలియదు, అదొక్కటే నాకు ధైర్యం. టీచరు దగ్గరికి వెళ్ళి ఆ మాట నేను చెప్పను. పరువు కూడా పోయాక ఇంట్లో ఇంకేం మిగులుతుంది? నువ్వేమీ పంపకు, పంపితే తిప్పి పంపేస్తాను. ఆ పేజీ తీసెయ్యి, అంతే చాలు.

ఇంత కోపంలోనూ నీ ఆరోగ్యం అడిగే
అక్క

*

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. లోపల చదివితే అందరూ చూస్తారని. చదివాక లేచి లోపలికి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

బావ నాకేమీ చెప్పలేదు. ఆయన్ని ఏమీ అనకు. ఆ పేజీ రాసేనాటికి ప్రెస్సు నడుస్తూనే ఉంది. నీకు పంపడమే ఆలస్యం చేశాను. చదివితే గుర్తుపడతావేమోనని భయపడ్డాను. నువ్వు గుర్తుపట్టావు కానీ, వేరే మనిషిని గుర్తుపట్టావు.

మా సైటులో చాలా ఉన్నాయి. ఏ ప్రాంతంలో ఎంతమంది పిల్లలు సరిగా తినడం లేదో చూపించే పటాలున్నాయి, తరగతిలో చూపించే చిన్న సినిమాలున్నాయి, ఏ సాయానికి ఎవర్ని అడగాలో చెప్పే పేజీలున్నాయి. అవన్నీ బాగా చదువుకున్నవాళ్ళు లెక్కలు చూసుకుని రాశారు. టీచరు కంటికి ఏం కనిపిస్తుందో రాయమని నాకిచ్చారు. నేను ఏ లెక్కలూ చూడలేదు. కూర్చున్నదాన్ని లేవకుండా రాసేశాను. ఎందుకంటే అదంతా నువ్వే.

ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ నాకిచ్చి, నాకు తడవడం ఇష్టం అన్నది నువ్వు. నేను నమ్మేదాన్ని. వానొస్తే మా అక్కకి పండగ అని అందరికీ చెప్పేదాన్ని కూడా. విహారయాత్ర అంటే నీకు బస్సు పడదన్నావు. పెద్దయ్యాక నీతో అంత దూరం బస్సులో వస్తే నువ్వు కిటికీ పక్కన కూర్చుని హాయిగా పాటలు పాడావు, అప్పుడు నాకు అర్థమైంది. అన్నం గిన్నె నా వైపు తోసి, తినేశాను అనేదానివి. ఎప్పుడు తిన్నావో నేను చూడనే లేదు. ఏ టీచరూ నిన్ను గమనించలేదు అక్కా. నువ్వు అంత బాగా దాచావు. అందుకే రాశాను.

అది నీ జీవితం. నిన్ను అడక్కుండా రాశాను, కాబట్టి నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను, మా వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాను. కానీ ఇంకొక్కసారి చివరిదాకా చదువు. గుర్తుల తర్వాత ఇంకో సగం ఉంది. తల్లిదండ్రుల్ని ఎలా అడగాలి, నలుగురిలో కాకుండా ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడాలి, ఏ మాట అనకూడదు, అన్నీ ఉన్నాయి. మన చిన్నప్పుడు అమ్మని బడికి ఎవరైనా అలా పిలిచి ఉంటే బాగుండేదని రాసిన మాటలవి.

నేను ఏమీ పంపను, నీ మాట మీద నిలబడతాను. ఒక్కటే అడుగుతున్నాను. నీ డబ్బా అది తింటే నువ్వేం తింటున్నావు? ఆ ప్రశ్నకి నాకు జవాబు రాయొద్దు, నాకు తెలుసు. టీచరుతో ఆ ఒక్క మాట చెప్పు.

పిచ్చుకకి విడిగా ఒక ఉత్తరం రాశాను. నా పేజీలో తప్పేమిటో చెప్పమన్నాను.

నీ గొడుగులో నడిచిన
చెల్లి

*

పిన్నీ,

తప్పేమిటో చెప్పమన్నావు కదా. నీ పేజీలో పెద్ద తప్పేమీ లేదు. అక్షరాలు కొంచెం పెద్దవిగా పెట్టు, మా ఫోను అద్దం పగిలింది, చదవడానికి కష్టంగా ఉంది. కానీ అది పెద్దవాళ్ళు పిల్లల్ని కనిపెట్టడానికి రాసిన పేజీ. పిల్లలు పెద్దవాళ్ళని కనిపెట్టడానికి కూడా ఒకటి రాస్తే బాగుంటుంది. నేను సాయం చేస్తాను.

నాన్న ప్రెస్సుకి వెళ్ళడం లేదని నాకు మొదటి వారంలోనే తెలుసు. ఇదివరకు ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆయన గోళ్ళ సందుల్లో సిరా ఉండేది. ఇప్పుడు గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇంకా కావాలంటే, అమ్మ షాపులో ఒక వస్తువు తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టి, "ఇది మంచిది కాదులే" అంటుంది. అన్నీ మంచివి కావు. ఇద్దరూ పోట్లాడుకోవడం మానేశారు. అన్నిటికంటే అదే నాకు ఎక్కువ భయం వేసింది.

నేను బళ్ళో దాచింది సిగ్గుపడి కాదు. మా తరగతిలో ఊరికే పెట్టే భోజనం చాలామంది తింటారు, వాళ్ళనెవరూ ఏమీ అనరు. కానీ టీచరు కనిపెడితే అమ్మని పిలుస్తారని నీ పేజీలో ఉంది. పిలిచి మీ ఆయన ఏం చేస్తారు అని అడుగుతారు. అప్పుడు నాన్న సంగతి బయటపడుతుంది, నాకు తెలుసని నాన్నకి తెలిసిపోతుంది. ఆయన రోజూ బ్యాగు తగిలించుకుని వెళుతుంటే నేను టాటా చెబుతాను. సాయంత్రం వచ్చి, "ఇవాళ పని ఎక్కువైంది పిచ్చుకా" అంటారు. అంత కష్టపడి చెబుతుంటే నేను చెడగొట్టడం బాగుండదు కదా.

ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. అమ్మ తన డబ్బా నాకు కడుతోంది. నేను తింటే అమ్మకి లేదు. తినకుండా తెస్తే తిడుతుంది. సగం తిని సగం తెస్తున్నాను. దీనికి ఏం చెయ్యాలో నీ పేజీలో వెతికాను, దొరకలేదు.

ఈ ఉత్తరం అమ్మకి చూపించాలో వద్దో నువ్వే ఆలోచించు. నాకు ఆలోచించి ఆలోచించి విసుగొచ్చింది.

పిచ్చుక

*

చెల్లీ,

నువ్వు పంపిన పిచ్చుక ఉత్తరం అందింది. సగంలో నా వల్ల కాక మీ బావకిచ్చాను. ఆయన పైకి చదువుతూ గోళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. చేతులు రెండూ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నారు. "ఇంత చిన్న సంగతి మనకి తోచలేదు చూశావా" అన్నారు. తర్వాత దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "ప్రెస్సు మూసేశారమ్మా" అన్నారు. అది "ఊఁ" అంది. "నీకు టాటాలు చెప్పడం బాగా వచ్చునే" అన్నారు. "నీక్కూడా" అంది. ఇద్దరూ నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ ఆయన ఏడ్చారు. నాకు లాండ్రీకి ఆలస్యమవుతోంది కాబట్టి నేను ఏడవలేదు. దారిలో ఏడ్చాను.

మర్నాడు సెలవు పెట్టి బడికి వెళ్ళాను. టీచరు గారు చాలా చిన్నది, మన ఇంట్లో పిల్లలా ఉంది. లేచి కుర్చీ వేసింది. ముందు పిచ్చుక దస్తూరి గురించి మాట్లాడాను, లెక్కల గురించి మాట్లాడాను, చివరికి వాళ్ళ గోడల రంగు కూడా బాగుందన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. అప్పుడు చెప్పాను, "మా ఇంట్లో ఇబ్బందిగా ఉందండీ, మా అమ్మాయికి మధ్యాహ్నం భోజనం పెట్టించండి" అని. ఇన్నాళ్ళూ కొండలా మోసిన మాట, అనేశాక చూస్తే ఇంతే ఉంది.

ఆవిడ కంప్యూటరు నా వైపు తిప్పి నీ పేజీ చూపించింది. "దీన్ని పక్కన పెట్టుకుని మా తరగతిలో పిల్లలందర్నీ ఒక్కొక్కరినే గమనించానండీ. ప్రతివాళ్ళలో ఏదో ఒకటి కనిపించింది. కలిగిన ఇళ్ళ పిల్లలు కూడా రబ్బరు ఇవ్వరు, కావాలని వానలో తడుస్తారు. ఏ ఒక్క గుర్తూ లేని పిల్ల మీ అమ్మాయి ఒక్కతే. ఈ పిల్లకి ఏ లోటూ లేదని నిశ్చింతగా ఉన్నాను" అంది. అంటూ ఆవిడ మొహం ఎర్రబడింది. "అది రాసింది మా చెల్లెలేనండీ" అని చెప్పాను. సాయం అడగడానికి వెళ్ళినదాన్ని, గొప్పలు చెప్పుకుని వచ్చాను.

ఆ పేజీ తియ్యకు. ఏ గుర్తూ లేని పిల్ల గురించి కూడా ఒక ముక్క కలుపు. తడిసే పిల్లని అలాగే ఉండనీ. అది నేనని నాకు తోచనే లేదు. కష్టం మా పిచ్చుకదే అనుకున్నాను, నాకూ ఒకప్పుడు ఉందని మర్చేపోయాను. నువ్వు ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నావు. ఈసారి వస్తే నేను నిజంగా తింటుంటే చూద్దువుగాని.

మీ బావకి ఇంకా స్థిరమైన పని దొరకలేదు. వెతుకుతూనే ఉన్నారు, కానీ బ్యాగు లేకుండా వెళుతున్నారు. మళ్ళీ పోట్లాడుకుంటున్నాం కూడా, పిచ్చుకకి ఆ భయం తీరింది.

నిన్న సాయంత్రం పిచ్చుక బడి నుంచి వచ్చి చెప్పులు ఒక మూలకి విసిరి, "ఏంటమ్మా ఆ భోజనం, ఉప్పూ లేదు కారమూ లేదు, పైగా రేపు కూడా అదేనట" అని మూతి ముడుచుకుంది. ప్రెస్సు మూతపడిన దగ్గర్నుంచి నా కూతురు తిండికి వంక పెట్టడం ఇదే మొదటిసారి. చేతిలో పని పక్కన పెట్టి, దాని ఎదురుగా కూర్చుని, మొత్తం విన్నాను.

మీ అక్క