టాలివర్ అన్నదమ్ముల పేజీ

మార్చి 3, 1998. మంగళవారం

మా ఊరి పాటల సంఘానికి, మా చాప్టర్‌కి, యాభై ఏళ్ళు. చరిత్ర రాసే పని నాకు అంటగట్టారు. వీడికి నోరెక్కువ, రాయడమూ వచ్చు అన్నాడట నార్బ్. నార్బ్ మా ప్రెసిడెంట్, లీడ్, అంటే అసలు వరస, పాడతాడు. సరే, రాస్తాను. మొదటి పేజీ మాత్రం ఇదే: వాద్యం లేకుండా నాలుగు గొంతులు కలిపే ఈ పాటని మా ఊరికి నేర్పింది నల్లవాళ్ళ మంగలి షాపు. టాలివర్ షాపు. మా పెద్దలు అక్కడ గడ్డం గీయించుకుంటూ పాట నేర్చుకున్నారు. తర్వాత, తెల్లవాళ్ళకే సభ్యత్వం అన్నారు. అరవై మూడో సంవత్సరం దాకా అదే రూలు. దీన్ని దొంగతనం అనకపోతే ఇంకేమనాలి?

మార్చి 8

లూషియస్ టాలివర్‌ని కలిశాను. ఆ షాపాయన నలుగురు కొడుకుల్లో మిగిలింది ఈయనే. ముక్కులో ఆక్సిజన్ గొట్టం. యాభై ఒకటిలో అన్నదమ్ములు నలుగురూ చేరతామని మా హాలుకి వెళ్ళారట. పాట చివరి ముక్క, ఒక ట్యాగ్, మెట్ల మీదే పాడించుకున్నారట మావాళ్ళు. చప్పట్లు కొట్టారట. తలుపేసుకున్నారట. నేను పళ్ళు కొరుకుతుంటే ఆయన నవ్వాడు. అంతా నువ్వే కోప్పడితే ఎలాగయ్యా, నాకూ కాస్త మిగల్చు అన్నాడు. పుస్తకంలో ఈ సంగతి రాయి, నేనుండగా చదివి వినిపించు, అది చాలు అన్నాడు.

మార్చి 10

ఆ పేజీ మీటింగ్‌లో చదివాను. ఇది పుట్టినరోజోయ్ డెన్నిస్, ఛార్జిషీటు కాదు అన్నాడు నార్బ్. బేస్, అంటే కింది గొంతు, పాడే హార్లన్, ఆ రోజు మా నాన్న కూడా ఆ హాల్లోనే ఉన్నాడు, ఆయన చెడ్డవాడా చెప్పు అని నిలదీశాడు. చెడ్డవాడు కాదు, తలుపేశాడు అన్నాను. నిర్ణయం వాయిదా.

మార్చి 11

రాజీనామా రాశాను. చించేశాను. నేను పోతే ఆ పేజీ అడిగేవాడుండడు.

మార్చి 22, సాయంత్రం

నార్బ్ ఫోన్. లూషియస్ దగ్గరికెళ్ళి ఓ ట్యాగ్ పాడదాం, బారిటోన్‌కి నువ్వు రావాలి అని. క్షమాపణ చెబుతారా అన్నాను. పాటని మించిన క్షమాపణ ఏముందోయ్ అన్నాడు. మా పాటగాళ్ళ జబ్బే ఇది. నాలుగు గొంతులు కలిస్తే లోకంలో తగాదాలన్నీ తీరిపోయాయనుకుంటారు.

వెళ్ళాం. లూషియస్ మంచం చుట్టూ నిలబడ్డాం. టెనర్, పై గొంతు, ఆయనే అందుకున్నాడు. చివరి స్వరం ఎంత బాగా కలిసిందంటే, నలుగురి పైన ఐదో గొంతు మోగింది, ఎవరిదీ కానిది. నార్బ్ ఏడ్చాడు. మధ్యలో ఆపి, తలుపు సంగతి ఎవరు మాట్లాడతారని అడగాలనుకున్నాను. మధ్యలో ఇరుక్కునే నా బారిటోన్‌ని ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం అంతా కూలుతుంది. ఆయన ముఖం చూశాను. ఆపలేకపోయాను. తర్వాత హార్లన్ ఫొటో తీయించాడు.

వచ్చేటప్పుడు లూషియస్ నా చెయ్యి పట్టుకున్నాడు. బాగానే పాడారు మీవాళ్ళు, ఇంతకీ నా పేజీ ఏదయ్యా అన్నాడు.

మార్చి 24

ఆ పేజీ పుస్తకంలో ఉండాలా వద్దా అని ఓటింగ్. అందరూ ఒక వైపు, నేనొకణ్ణి ఒక వైపు. ఆయనే మనతో కలిసి పాడాడు, ఇంకా ఆ పుండు గెలుకుతావేంటి అన్నాడు హార్లన్. గొంతు పోయేదాకా వాదించాను. నా మాటలో ఒక్క తప్పు పట్టలేకపోయారు. ఒక్క చెయ్యీ మారలేదు.

మార్చి 29

పేజీ పట్టుకుని వెళ్ళాను, నేనైనా చదివి వినిపిద్దామని. పుస్తకంలో ఉందా అన్నాడు లూషియస్. లేదన్నాను. అయితే మడిచి పెట్టుకో, నాకు తెలియని సంగతా అది అన్నాడు.

ఏప్రిల్ 17

లూషియస్ పోయాడు.

జూన్ 2

పుస్తకం వచ్చింది. మంచం పక్కన తీసిన ఫొటో. "మా చిరకాల సభ్యుడు లూషియస్ టాలివర్‌తో" అని కింద నార్బ్ వేయించాడు. అట్ట మీద నా పేరు.

లూషియస్ కూతురు వెర్నిస్ ఫోన్ చేసింది. మా నాన్న మీలో ఎప్పుడు చేరాడండీ అంది. చేరలేదమ్మా, చేరనివ్వలేదు అన్నాను. రాసింది మీరే కదండీ అంది, ఎంతో మర్యాదగా.